గీత మీద సున్నం

వీధి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఆ ఫ్లెక్సీని చూసినప్పుడల్లా మాబున్నికి రోత పుట్టేది. అందులో యశ్వంత్ ఇంతెత్తున చేతులు జోడించి నవ్వుతుంటాడు. పక్కనే పరుపుల దొంతర మీద బీమా కంపెనీ ఆఫీసరు, మెడలో జరీ శాలువా, ముఖంలో పెళ్లివారింటికొచ్చిన వియ్యంకుడి కళ. పైన ‘పేదల ఇళ్లకు బీమా తెచ్చిన మన యశ్వంతన్న’ అని ఎర్రటి అక్షరాలు, కింద తారీఖు. ఆ పరుపులు మాబున్నివి. ఆ వసారా మాబున్నిది. వెనక కనబడే గోడ కూడా ఆమెదే. ఫోటో తీసేటప్పుడు మాత్రం ‘అక్కా, రవంత పక్కకు జరుగు’ అని ఆమెను తప్పించారు.

ఫోటోలో లేనందుకు కాదు ఆమె రోత. ఫోటోలు దిగే సోకు ఆమెకు ఏనాడూ లేదు. ఆ ఫ్లెక్సీ వెనక జరిగిన బాగోతం తెలిసినందుకు రోత.

ప్రొద్దుటూరులో వంక పక్కన పల్లంలో ఉన్న దూదేకుల వీధి అది. దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి బతికే ఇళ్లు. తుపాను ఎక్కడో సముద్రం మీద పుడుతుంది, టీవీలో కోస్తా ఊళ్ల పేర్లు చెప్పుకుని తిరుగుతుంది, చివరికి వచ్చి ఇక్కడ కురుస్తుంది. పెన్న నిండితే వంక నీళ్లకు పోయే దారుండదు. అవి వెనక్కి తిరిగి నేరుగా వీధిలోకే వస్తాయి. ఇనుప సామాను తడిస్తే తుడుచుకోవచ్చు. దూది తడిస్తే ఏం చేస్తారు? బురద పీల్చుకుని, నాలుగు రోజులకు ఎలుక చచ్చిన కంపు కొడుతుంది. ఎత్తి వంకలోనే పారబోయాలి.

నీళ్లు తీసిన తర్వాత ఆ వీధిలో ఒక పద్ధతుంది. పీర్ల గుండంలో బూడిద తెచ్చి, ఆముదంలో కలిపి, ఇంట్లో పెద్ద ఆడమనిషి నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడ గోడ మీద వేలితో అడ్డగీత గీస్తుంది. మళ్లీ వచ్చినా ఈ గీత దాటొద్దని నీళ్లకు చెప్పడం అన్నమాట. నీళ్లు వింటాయా అంటే, ఒకసారి వింటాయి, ఒకసారి వినవు. మాబున్ని ఇంట్లో రెండు గీతలున్నాయి. పైది అత్త చాంద్‌బీ గీసింది. ఆమె పోయి శానా ఏళ్లయింది. కిందిది మాబున్ని పోయిన ఏడు కార్తీకంలో గీసింది.

ఆ కార్తీకంలోనే ఆమెకు తిక్క రేగింది. పెళ్లిళ్ల కాలానికని కుట్టిపెట్టిన పరుపులన్నీ పోయాయి. బురద ఎత్తిపోసుకుంటూ పక్కింటి రేష్మాతో అంది, “ప్రతిసారీ ఇట్లనే ఏడుస్తాండాం. మంది షాపులకు బీమా ఉంటాది గదా, మనకెందుకు ల్యా?”

అడుగుదామని పోయారు. బీమా ఆఫీసులో కుర్రాడు కంప్యూటరులో వీధి పేరు కొట్టి పెదవి విరిచాడు. నీళ్లొచ్చే చోటు కాబట్టి ప్రీమియం మూడింతలన్నాడు. మైదుకూరులో మిట్ట మీదుండే మాబున్ని ఆడబిడ్డ షాపుకు అదే కంపెనీ మామూలు రేటుకే ఇచ్చింది. మూడింతలు కట్టాలంటే వీధిలో వాళ్లు తినడం మానాలి.

అక్కడితో ఊరుకుంటే ఆమె మాబున్ని ఎందుకవుతుంది? వీధిలో ఆడవాళ్లను వెంటేసుకుని జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసుకు పోయింది. అక్కడ ఇది మాది కాదన్నారు. మళ్లీ పోయింది. సారు భోంచేస్తున్నారన్నారు. మూడోసారి పోతే సారు బదిలీ అయ్యారన్నారు. ఇంట్లో మొగుడు రహీం దబ్బనంతో పరుపు అంచు కుడుతూ, “ఇంక చాలిద్దువులే మాబున్నీ, చెప్పులు అరుగుతాండాయి” అన్నాడు. రహీం మంచివాడే. ఎవరితోనూ మాట పడడు, ఎవరినీ మాట అనడు, అదే అతని జబ్బు.

ఎండాకాలం మొదట్లో పులివెందులలో బీమా మేళా అన్నారు. షామియానా, మైకు, మజ్జిగ ప్యాకెట్లు. స్టేజి మీద కంపెనీ ఆఫీసరు ‘ప్రతి ఇంటికీ రక్ష’ అంటూ ఊదరగొడుతున్నాడు. వెనక వరసలోంచి మాబున్ని లేచింది.

“సార్, నీళ్లు రాని ఇంటికి తక్కువ రేటు, నీళ్లొచ్చే ఇంటికి మూడింతలా? నొప్పి ల్యానోనికి మందిచ్చి, నొప్పుండేవోన్ని వాకిట్లోంచే పంపినట్టుండాది మీ యాపారం. ఊరంతటికీ ఒకటే రేటు పెట్టండి. మిట్ట మీదోళ్లూ పల్లంలోవాళ్లూ కలిసి కడితే బరువు అందరి మీదా రవంత రవంత పడతాది. మేము ఊరికే ఇమ్మంటాన్నామా? కట్టగలిగేది చెప్పమంటాండాం.”

జనం చప్పట్లు కొట్టారు. పత్రికలవాళ్లు ఫోన్లు ఎత్తారు. ఆఫీసరు ముఖాన చెమట పట్టి, “అమ్మా, నేనే స్వయంగా వచ్చి మీ వీధి చూస్తాను” అని అందరి ముందూ మాటిచ్చాడు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే ఆడవాళ్లు పాటలు పాడారు. మాబున్నికి గొంతు లేదు కాబట్టి తాళం వేసింది.

సరిగ్గా అప్పుడు దిగాడు యశ్వంత్. జమ్మలమడుగు పక్క పెద్ద సేద్యం ఉన్న ఇంటి కొడుకు. ప్రొద్దుటూరులో కౌన్సిలరు కావాలని కోరిక. జమ్మలమడుగు చుట్టూ వీళ్లు చెప్పులు అరగదీసుకున్నన్నాళ్లూ అయిపు లేడు, కంటికే కనబడలేదు. ఆఫీసరు వస్తున్నాడనగానే తెల్లచొక్కా వేసుకుని, ట్రాలీ ఆటోలో సున్నం బస్తాలు వేసుకుని వచ్చాడు.

“అక్కా, చిన్నమ్మా, అందరూ వినండి. ఆయప్ప గోడల మీద ఈ గీతలు చూసినాడంటే అయిపాయ, మూడింతలే. రేపటికల్లా వీధంతా తెల్లగా మెరిసిపోవల్ల. సున్నం నాది, కుంచెలు నాయి. మీరు కొట్టేది ఒక్కటే.”

“అది అబద్ధం గదప్పా” అంది మాబున్ని. “నీళ్లొస్తాయి కాబట్టే రేటు తగ్గించమని గదా మనం అడిగింది. రావని చెప్పేదానికి ఆయప్పను పిలిపించినామా?”

“అబద్ధమేంది అక్కా? ఇంటికి పెద్దమనిషి వస్తాంటే సున్నం కొట్టుకోరా? పండక్కి కొట్టుకోమా?”

ఎంత చక్కగా అన్నాడో చూడండి! వీధంతా తలూపింది. చుట్టం వస్తే గోడ తెల్లగా ఉండాలనేది ఎవరికి మాత్రం లేదు? పొద్దు వాలేసరికి వాళ్ల అత్తలు, అవ్వలు గీసిన గీతలన్నీ సున్నం కిందికి పోయాయి. రేష్మా కుంచె పట్టుకుని వచ్చింది. “అక్కా, నీ గోడ నేను కొట్టిస్తా, నువ్వు కండ్లు మూసుకో” అంది, నవ్వులాటకు అన్నట్టు.

“ఆముదం మీద సున్నం నిలుస్తాదంట్యా రేష్మా? ఇప్పుడు ఎండాకాలం, పట్టుకుంటాది. తడిస్తే పొక్కు లేచిపోతాది. అప్పుడేం చెప్తావు?”

“అప్పటి సంగతి అప్పుడు. నీ ఒక్క ఇంటి వల్ల మా అందరి రేటూ పెరిగితే నీదే పాపం.”

“నా గోడ నేను తుడపను పోయే.”

రహీం కూడా గొణిగాడు, సున్నమే గదా అని. మాబున్ని ఒక్క చూపు చూసింది. “మీ అమ్మ వేలు ఉండాది ఆడ. నీకు చేతనైతే నువ్వు తుడుపు” అంది. రహీం దబ్బనం కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

ఆఫీసరు వచ్చాడు. యశ్వంత్ వీధంతా తిప్పాడు. ఎక్కడ చూసినా తెలుపే. ఎండకు కళ్లు చెదిరి, కాళ్లు లాగి, ఆఫీసరు మెత్తగా కనబడిన చోట కూలబడ్డాడు. ఆ వీధిలో మెత్తగా కనబడేది మాబున్ని వసారాలోని పరుపుల దొంతరే. యశ్వంత్ ‘సార్, అటు కుర్చీలేసినాం’ అంటూనే ఉన్నాడు, ఆయన లేవలేదు.

టీ తాగుతూ వెనక్కి తిరిగి చూశాడు. “ఇవేంటమ్మా గీతలు?”

“నీళ్లొచ్చిన గుర్తు సార్. కిందిది పోయినేటిది, పైది మా అత్త కాలంది. వీధిలో ప్రతి ఇంట్లో ఉండాయి, సున్నం కింద.”

యశ్వంత్ ముఖం నల్లబడింది. ఆఫీసరు టీ గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి, ఆమెకు వినబడేంత నెమ్మదిగా అన్నాడు.

“చూడమ్మా, నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. మేళాలో మాటిచ్చాను, పైన నాకూ టార్గెట్లున్నాయి. నేను వచ్చి చూసి నీళ్లు రావని రాస్తే కంప్యూటరు మాట చెల్లదు, వీధి మొత్తానికీ మామూలు రేటుకే ఇచ్చేస్తాను. నువ్వూ ఆ రెండు గీతల మీద రెండు కుంచెలు లాగు. గీత కనబడే ఇల్లు మాత్రం నేను రాయలేను.”

“తెలిసే రాస్తాన్నారు గదా సార్, మరి గీత ఉంటే ఏమి?”

“ఫైల్లో ఫోటోలు పెట్టాలమ్మా.”

ఇదన్నమాట! నీళ్లొస్తే ఫరవాలేదు, గీత కనబడకూడదు. నిజం తెలిసినా ఫరవాలేదు, ఫోటోలో పడకూడదు. మాబున్నికి నోట్లో ఏదో కుళ్లింది ఊరినట్టయింది. ఉమ్మేద్దామంటే ఇంటికొచ్చిన మనిషి. మింగేసి, “అయితే నాది రాయొద్దులే సార్” అంది.

ఫైలు ఫోటోల్లో జాగ్రత్తపడ్డ పెద్దమనుషులు సన్మానం ఫోటో దగ్గర ఒళ్లు మరిచారు. యశ్వంత్ శాలువా తీశాడు. ఆఫీసరు పరుపుల మీదే సర్దుకు కూర్చున్నాడు. కెమెరావాడు మాబున్నిని పక్కకు జరగమన్నాడు.

వారానికే ఫ్లెక్సీ లేచింది. వీధిలో అన్ని ఇళ్లకూ పాలసీలు వచ్చాయి, మాబున్ని ఇంటికి తప్ప. ఆ తర్వాత వీధి ఆమెను చూసిన చూపు ఉంది చూడండి, అది తుపాను కంటే అన్యాయం. నీళ్లు పట్టుకునేచోట మాటలు ఆగిపోయేవి. ‘పొగరు’ అన్నారు. ‘యశ్వంతన్న లేకుంటే ఈమె వల్ల అయ్యేదా’ అన్నారు. బస్సులో పాటలు పాడిన నోళ్లే అవి. రేష్మా అయితే ఎదురుపడినా తల తిప్పుకుని పోయేది. మాబున్ని ఎవరినీ ఏమీ అనలేదు. ఫ్లెక్సీ కింద నడిచేటప్పుడు మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

కార్తీకం రానే వచ్చింది. టీవీలో తుపాను పేరు చెప్పారు. మబ్బు పట్టగానే మాబున్ని, రహీం దూది బోరాలన్నీ మిద్దె మీదికి మోశారు. కప్పడానికి పట్టలు చాలలేదు. మాబున్ని కొడవలి తీసుకుని వీధి మొదట్లోకి నడిచింది. కరకరా తాళ్లు కోసి ఫ్లెక్సీని దించేసింది. రహీం వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

“యశ్వంతన్నది గదే!”

“వాన నుంచి కాపాడతాడంట గదా. కాపాడనీ.”

బొమ్మలు దూదివైపు ఉండేట్టు తిరగేసి కప్పింది. వానలో కూడా ఆ ముఖాలు చూసే ఓపిక ఆమెకు లేదు.

వంక వెనక్కి తన్నింది. ఈసారి మాబున్ని గీసిన గీతను దాటి, చాంద్‌బీ గీతకు బెత్తెడు కింద ఆగింది. మిద్దె మీద దూదిలో సగం దక్కింది. కింద ఏకుడు మిషను, గుడ్డల తానులు, కుట్టిన పరుపులు అన్నీ పోయాయి. వీధి మొత్తం అదే గతి. అయినా మిగతా ఇళ్లలో ఈసారి అంత ఏడుపు లేదు. బీమా ఉందని ఒకరికొకరు చెప్పుకుంటూ బురద ఎత్తారు.

నష్టం చూసేందుకు బీమా కంపెనీ సర్వేయరు వచ్చేనాటికి ఎండ కాస్తోంది. కొత్తమనిషి, సన్నటి మనిషి, ఎవరూ ఇచ్చింది తాగడు. మొదటి ఇంట్లోకి పోయి గోడ చూశాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. తడికి సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. గీతల వెంబడి అయితే గోకినట్టు ఊడిపోయి, ఆముదం పట్టిన నల్లటి అడ్డగీతలు ప్రతి ఇంట్లోనూ బయటికి వచ్చి నిలబడ్డాయి.

సర్వేయరు వీధిలోకి వచ్చి ఫైలు మూసేశాడు. “ఇక్కడ ముందు కూడా నీళ్లొచ్చాయి. పాలసీ తీసుకున్నప్పుడు రాలేదన్నారు. కనబడకుండా సున్నం కొట్టారు. దాచిపెట్టిన దానికి కంపెనీ డబ్బివ్వదు. నేను చేసేదేమీ లేదు.”

గొల్లుమన్నారు. ఎవరో యశ్వంత్‌కు ఫోను చేశారు. స్పీకరులో అందరికీ వినబడింది. “నేను సున్నం పండక్కి ఇస్తినప్పా. గీతలు తుడపమని నేను యాడ చెప్పినా?”

ఛీ, ఏం బతుకు! నాలుక అటు తిప్పినంత సులభంగా ఇటు తిప్పాడు. మాబున్ని తన వాకిట్లోంచి అంతా వింటోంది. అబద్ధం చెప్పడమెందుకు, లోపల ఒక్క క్షణం సంతోషమనిపించింది. బాగా అయిందిలే వీళ్లకు అనుకుంది. అనుకోగానే ఆ సంతోషం మీదే ఆమెకు అసహ్యం పుట్టింది. ఎదురుగా రేష్మా బురదలోనే చతికిలబడి, మొగుడు కువైట్ నుంచి పంపితే కొన్న కుట్టుమిషను చక్రం పట్టుకుని ఏడుస్తోంది. చక్రం తుప్పు పట్టి తిరగడం లేదు.

రేష్మా తలెత్తింది. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి పిలిచింది. “మాబున్నక్కా...”

“పిలవాకు” అంది మాబున్ని. “ఇప్పుడు కనపడిందా అక్క? మీ అందరినీ చూస్తే నాకు రోత పుడతాండాది.”

అని మిద్దె ఎక్కింది. ఫ్లెక్సీ మీద ఆరబోసిన దూదిని పక్కకు నెట్టింది. దాన్ని చుట్టి భుజాన వేసుకుని దిగి, వీధి మధ్యలో, సర్వేయరు కాళ్ల ముందు, బొమ్మలు పైకి వచ్చేట్టు పరిచింది.

“చూడు సార్. ఈయప్ప మీ ఆఫీసరు. కూర్చున్నది నా పరుపుల మీద. ఆయప్ప తల వెనకాల ఏముండాయో చూడు.”

సర్వేయరు వంగాడు. జరీ శాలువాకు పైన, ఆఫీసరు చెవికి అటూ ఇటూ, నల్లగా, స్పష్టంగా రెండు అడ్డగీతలు. కింద తారీఖు. ఆయన లేచి మాబున్ని వసారాలోకి పోయి గోడ చూశాడు, మళ్లీ వచ్చి ఫ్లెక్సీ చూశాడు.

“ఇవేమిటని ఆయన అడిగారా?”

“అడిగినాడు. నేను చెప్పినా. వీధిలో అన్ని ఇళ్లల్లో ఉండాయని కూడా చెప్పినా. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు అన్నాడు. మావోళ్లు సున్నం కొట్టింది నిజమే, బుద్ధి గడ్డి తిని కొట్టినారు. మీ ఆయప్ప చూసి రాసింది కూడా నిజమే. వీళ్లకు ఒక న్యాయము, మీకొక న్యాయమా?”

అప్పటికి యశ్వంత్ బండి వచ్చి ఆగింది. గబగబా దిగి, ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “అక్కా, మడిచి పెట్టు. ఆయప్ప ఉద్యోగం పోతాది, నా పేరు చెడతాది. ఎలక్షన్లు దగ్గరుండాయి. నీ దూది సంగతి, నీ మిషను సంగతి నేను చూసుకుంటా.”

మాబున్ని గొంతు తగ్గించలేదు. “నీ ముఖం అందరూ చూడల్లనే గదప్పా స్తంభానికి కట్టినావు. ఇప్పుడు చూస్తాంటే సిగ్గెందుకు? పక్కకు జరుగు, సారు ఫోటో తీసుకోవల్ల.”

ఈసారి జరిగింది యశ్వంత్. సర్వేయరు ఫ్లెక్సీని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. మాబున్ని గోడనూ తీశాడు. పక్కకు పోయి ఎవరితోనో శానాసేపు ఫోనులో మాట్లాడి వచ్చాడు.

“కంపెనీ మనిషి చూసి, తెలిసి పాలసీ ఇచ్చాక, దాచిపెట్టారనడానికి వీల్లేదు. అదే రాస్తాను. పైవాళ్లు కాదంటే ఎక్కడ అడగాలో, ఎవరు సాక్ష్యం చెప్పాలో కూడా రాస్తాను. వస్తారా అమ్మా చెప్పడానికి?”

“యాడికైనా వస్తా. నాకు తిరిగేది అలవాటే.”

వీధిలో ఒక్కసారిగా గోల లేచింది. రేష్మా బురద చేతులతోనే వచ్చి మాబున్ని చెయ్యి పట్టుకుంది. మాబున్ని విడిపించుకోలేదు, ఆమె ముఖం చూడనూ లేదు.

సర్వేయరు వసారాలో, తడవకుండా మిగిలిన బోరా మీద కూర్చుని ఫైలు తెరిచాడు. ఆయన వెనక గోడ మీద ఆ రెండు గీతలే ఉన్నాయి. కలం తీసి అన్నాడు, “సరే, ఇంటింటికీ నష్టం రాసుకుందాం. ముందు మీదే. పాలసీ నంబరు చెప్పండమ్మా.”

రేష్మా పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

“నాకు ల్యా సార్” అంది మాబున్ని. “నేను గీత తుడపలా. పక్కిల్లు రేష్మాది, ఆయమ్మది రాసుకోండి.”